లాడ్జిలో మిరియాల లెక్క

పనసపుట్టు, అరకు
జూన్, ఆదివారం, ఆరాధన అయ్యాక

జాకబ్ బావకి,

విశ్వాసం రాస్తున్నాను. బతికే ఉన్నాను. నువ్వూ ఉన్నావనుకొని రాస్తున్నాను. లేకపోతే ఉత్తరం తిరిగి వస్తుంది, అప్పుడు తెలుస్తుంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీకు చెవులు వినపడవు. నేను ఎలా ఉన్నావంటే నువ్వు ఇక్కడా వర్షమే అంటావు. నేను చెబుతూ ఉంటే ఫోన్లో టైపు చేసి పంపిస్తానని నా మనవరాలు క్యాథరిన్ అంది. నా మాట నేనే రాసుకుంటాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. నువ్వు హెడ్మాస్టరు చేసినవాడివి, ఎర్ర పెన్నుతో దిద్దుకో. దిద్దింది నాకు పంపకు.

సుజానా అక్కని సమాధి చేసిన రోజు తర్వాత నేను పెదబయలు రాలేదు. నువ్వూ ఇటు రాలేదు. పని లేకుండా ఒకరింటికి వెళ్ళడం మనిద్దరికీ చేతకాదు.

సంగతి ఏమిటంటే, నేను విశాఖపట్నంలో ఫ్రీమేసన్ల లాడ్జిలో చేరాను. గదులు అద్దెకిచ్చే లాడ్జి కాదు. పెద్దమనుషుల సంఘం. నెలకొకసారి తలుపులు వేసుకొని కూర్చుంటారు.

పోయిన చలికాలం నా కుడి కంటికి శుక్లం తీశారు కదా. ఆపరేషను, మందులు, అద్దాలు, అన్నం, అన్నీ ఊరికే. ఎవరిచ్చారని కళ్ళ డాక్టరు గణపతిరావు గారిని అడిగాను. ఇచ్చినవాళ్ళు పేరు చెప్పొద్దన్నారు అన్నారాయన. బావా, మన కొండల్లో నాలుగు దుప్పట్లు పంచి నలభై ఫోటోలు దిగుతారు. పేరు వద్దన్నవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చివరికి తేలింది ఏమిటంటే, ఇచ్చింది ఈ లాడ్జి వాళ్ళే, ఆయనా వాళ్ళలో ఒకడే.

"మేము ఎవరినీ రమ్మని పిలవం పెద్దాయనా. కావాలనుకున్నవాళ్ళే అడగాలి" అన్నారు.

ఇక్కడ చిక్కొచ్చింది. నేను ఎవరినీ ఏదీ అడగను. నీకు తెలుసు. "ఏటి తమ్ముడూ, అడిగితే నీ నోరు అరిగిపోతాదేటి" అని అక్క నన్ను తిట్టేది. అందుకని డాక్టరుతో ఇలా అన్నాను: నన్ను చేర్చుకోకపోతే మీకు నష్టమో కాదో మీరే తేల్చుకోండి. ఆయన చాలాసేపు నవ్వి, దీన్నే అడిగినట్టు రాసుకుంటాను అన్నారు.

ఊళ్ళో తెలిసిపోయింది. నతానియేలు పాస్టరు వచ్చి గడపలోనే నిలబడ్డాడు. "పెద్దయ్యా, అక్కడ మేక మీద ఎక్కించి తిప్పుతారంట, నిజవేనా" అన్నాడు. నిజమైతే కష్టం మేకకి, నీకెందుకు అన్నాను.

లోపల జరిగేది ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాను. కాబట్టి నువ్వు ఏమీ అడగకు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

విశ్వాసం


పెదబయలు
జూలై

విశ్వాసానికి జాకబ్ వందనాలు.

నీ ఉత్తరం అందింది. దిద్దడం మొదలుపెట్టి, పెన్ను మీద జాలిపడి ఆపేశాను.

నీ చేతిలో రహస్యం పెట్టిన ఆ సంఘం మీదా నాకు జాలిగానే ఉంది. నేను పనసపుట్టు మిషన్ బడిలో కుర్ర పంతులుగా ఉన్న రోజుల్లో, సుజానాను చేసుకోవాలనుకుంటున్నట్టు నా కన్నతల్లికి కూడా ఇంకా చెప్పలేదు. నువ్వు ఆరాధన మధ్యలో లేచి "పంతులు పాట పాడతన్నాడు గానీ సూపంతా మా అక్క మీదే ఉంది" అన్నావు. పాట ఆగిపోయింది. అటువంటి నువ్వు ఒట్టు పెట్టావు.

అయినా ఆ సంఘం గురించి నాకు కొంత తెలుసు, పుస్తకాల్లో చదివాను. సొలొమోను ఆలయం కట్టిన రాతిపనివాళ్ళ సంప్రదాయం తమదని చెప్పుకుంటారు. మూలమట్టం, వృత్తలేఖిని వాళ్ళ గుర్తులు. రాజుల మొదటి గ్రంథంలో ఆలయం ముందు నిలబెట్టిన రెండు స్తంభాల పేర్లు ఉన్నాయి, యాకీను, బోయజు. ఆ రెండూ మీ గదిలో ఉన్నాయా? ఉన్నాయని రాస్తే నీ ఒట్టు పోతుంది. అందుకని ఉంటే ఏమీ రాయకు. లేకపోతే మాత్రం లేవని రాయి.

నిన్ను ఎలా ఎంచుకున్నారా అని ఆలోచిస్తున్నాను. మన గుడిలో నిన్ను సంఘపెద్దగా ఎంచుకున్న రోజు గుర్తుందా? చదువు రానివాళ్ళు ఎక్కువని పాత మిషన్ దొరగారు పెట్టిపోయిన పద్ధతి, ఇప్పటికీ మీరు మార్చలేదు. మనిషి కావాలనుకుంటే కుండలో నల్ల మిరియం వేయాలి, వద్దనుకుంటే తాలు వడ్లగింజ. ఆ రోజు కుండ బోర్లిస్తే అన్నీ మిరియాలే. ఒక్క తాలుగింజ మాత్రం తెల్లగా పైకి తేలింది. అది ఎవరిదో నీకు ఇప్పటికీ తెలియదనుకుంటాను.

స్తంభాల సంగతి మరిచిపోకు.

జాకబ్


పనసపుట్టు
ఆగస్టు

జాకబ్ బావకి,

ఆ తాలుగింజ నీదని నాకు అప్పుడే తెలుసు. దానికి సుద్ద అంటుకొని ఉంది. ఊరు మొత్తం మీద చేతికి సుద్ద ఉండేది నీకొక్కడికే. అక్క బాధపడుతుందని ఊరుకున్నాను.

నువ్వు అడిగినదానికీ, అడగబోయేవాటికీ జవాబు చెప్పను. కళ్ళకి గంతలు కట్టారా అంటే చెప్పను. కట్టారనే అనుకో. కంటికి కట్టు విప్పిన డాక్టరే మళ్ళీ అదే కంటికి కట్టు కడుతుంటే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. ఒంటి మీద ఇనుము, వెండి, ఏ లోహమూ ఉండకూడదన్నారా అంటే అదీ చెప్పను. నా పంచెకి పిన్నీసు పెట్టుకోవడం నా సొంత విషయం. పిన్నీసు తీశాక పంచె ఏమైందన్నది లాడ్జి విషయం. అక్కడున్నవాళ్ళందరూ ఒట్టు పెట్టినవాళ్ళే కాబట్టి బయటికి రాదు.

స్తంభాల గురించి ఏమీ రాయడం లేదు.

ఒక్కటి మాత్రం రహస్యం కాదనుకుంటాను. అక్కడ ఒక మొరటు రాయి, ఒక నున్నగా చెక్కిన రాయి పెట్టారు. మొరటుది కొత్తగా వచ్చినవాడట, చెక్కుకుంటూ పోతే నున్నటిది అవుతాడట. ఈ వయసులో నన్ను చెక్కితే పొడే మిగులుతుంది అన్నాను. అక్కడ నవ్వకూడదు. నవ్వారు.

ప్రశ్నలకి జవాబులు కంఠతా పట్టాలి. క్యాథరిన్ చూడకుండా మిరియాల పాదుల మధ్య తిరుగుతూ చదువుకుంటున్నాను. కూలికొచ్చిన సోములమ్మ చూసి "తాతకి గాలి సోకినాది" అని ఊళ్ళో చెప్పింది. ఇప్పుడు నాకు దిష్టి తీసేవాళ్ళు ఒకవైపు, ప్రార్థన చేసేవాళ్ళు ఒకవైపు.

కష్టం ఒక్కటే. లోపల మాట్లాడేదంతా ఇంగ్లీషు. గణపతిరావు గారు నా పక్కన కూర్చుని చెవిలో తెలుగు చెబుతారు. ఇకమీదట ఆయన్ని లాడ్జికి పెద్దని చేసి పెద్ద కుర్చీలో కూర్చోబెడుతున్నారు. అప్పుడు నా చెవి దగ్గర ఎవరూ ఉండరు. పక్కవాణ్ణి అడగొచ్చు. నేను అడగను. చూసి చేస్తాను.

లాడ్జి అయిన మర్నాడు పొద్దున్న కిరండోల్ పాసింజరు ఎక్కి వస్తాను. బొర్రా అటూ ఇటూ అన్నీ సొరంగాలే కదా. చీకటి పడగానే టూరిస్టు పిల్లలు కేకలేస్తారు. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజుల్లో మనం ముగ్గురం ఆ రైల్లోనే వచ్చేవాళ్ళం. నువ్వు సొరంగం రాగానే మాట ఆపేసేవాడివి, బయటికొచ్చాక సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలుపెట్టేవాడివి. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు నా ఎదురు సీట్లో ఎవరెవరో కూర్చుంటున్నారు. చెబుతున్నాను, అంతే.

విశ్వాసం


పెదబయలు
సెప్టెంబరు

విశ్వాసానికి,

ముందు కూర్చో. నేను మీ లాడ్జికి దరఖాస్తు పెట్టాను.

నీలా తిప్పి తిప్పి కాదు, అడగవలసినట్టే అడిగాను. ఇద్దరు పెద్దమనుషులు కారులో పెదబయలు వచ్చి నాకు ప్రశ్నలు వేశారు. దేవుడున్నాడా అన్నారు, ఉన్నాడన్నాను. మీ ఇంట్లో అభ్యంతరమా అన్నారు. అభ్యంతరపెట్టే మనిషి లేదు అన్నాను. ఆ తర్వాత వాళ్ళు టీ తాగి వెళ్ళారు.

నల్ల కోటు కుట్టించాను. టైలరు బుజ్జిబాబు కొలతలు తీస్తూ "ఏటి మాస్టారూ, ఈ వయసులో పెళ్ళేటి" అన్నాడు. లాడ్జి అని చెప్పాను. సాయంత్రానికి బజారంతా తెలిసింది. ఇప్పుడు బస్టాండులో నాకు సీటిస్తున్నారు. చెవికి మిషను కూడా పెట్టించుకున్నాను. దాని లోపల లోహం ఉంటుందా అని కంపెనీ వాణ్ణి అడిగితే వింతగా చూశాడు. తీసేయమంటే నువ్వు నా పక్కన నిలబడి అరవాలి.

నీకు నిజం చెబుతాను. నాకు ఆ స్తంభాలూ రాళ్ళూ చూడాలని ఉంది, ఇంత చదివాక ఒకసారైనా చూడాలి. కానీ అసలు సంగతి వేరు. పొద్దున్నే కాఫీ పెట్టుకునేటప్పుడు చెయ్యి అలవాటుగా రెండు గ్లాసులు తీస్తుంది. ఒకటి మళ్ళీ గూట్లో పెడతాను. రోజంతా చేసే పనుల్లో అదే పెద్ద పని. నెలకొకసారి ఇల్లు వదలడానికి ఒక కారణం కావాలి. నువ్వు రాసిన ఎదురు సీటు ఆ కారణం.

వచ్చే నెల నా మీద ఓటు. ఆ గదిలో నన్ను ఎరిగినవాడివి నువ్వొక్కడివే. భారం నీ మీద పెట్టాను.

జాకబ్


పనసపుట్టు
అక్టోబరు

జాకబ్ బావకి,

కోటు ఇస్త్రీ చేయించుకో. పనయింది.

నేను ఎలా వేశానో చెప్పకూడదు. పద్ధతి చెప్పొచ్చు, అది మన ఊరి పద్ధతే. ఒక చెక్కపెట్టె తెచ్చారు. తెల్ల గోళీలున్నాయి, నల్ల గోళీలున్నాయి. ఎవరు ఏది వేసిందీ పక్కవాడికి కనపడకుండా చెయ్యి లోపలికి పెట్టి వేయాలి. గణపతిరావు గారు పెద్ద కుర్చీలోంచి ఇంగ్లీషులో ఏదో వివరించారు. నాకు వివరించేదేముంది. నిక్కరు వేసుకునే రోజుల నుంచి నేను కుండలో గింజలు వేస్తున్నాను.

మొదటిసారి పెట్టె తెరిచి చూసి ఆయన ముఖం చిన్నబోయింది. మళ్ళీ వేయమన్నారు. నాకు వెంటనే అర్థమైంది. మిగతావాళ్ళు నీ విషయంలో చెయ్యి బిగబట్టారు. పట్నం మనుషులు, కొండ మీది పంతులంటే చులకన. సరే అని రెండోసారి నేను ఒకటికి రెండు వేశాను. మా గుడిలో అయితే అలా వేయకూడదు. కానీ బావ విషయం.

నాది తాలు వేసే చెయ్యి కాదు. ఇంతకన్నా చెప్పను, ఒట్టుంది.

తర్వాత ఇంగ్లీషులో ఏదో చదివారు. అందరూ గంభీరంగా కూర్చున్నారు. నేనొక్కణ్ణే నవ్వాను. డాక్టరు గారు నా వైపు ఒకలా చూశారు. వెంటనే ఆయనకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చి వెళ్ళిపోయారు.

రైల్లో నీకు కిటికీ పక్క నేను ఇవ్వను. ఎదురు సీటే.

విశ్వాసం


పెదబయలు
అక్టోబరు

విశ్వాసానికి,

నీ ఉత్తరం ఇంకా నాకు అందలేదు. ఈలోగా మీ సెక్రటరీ దగ్గర నుంచి ఈమెయిలు వచ్చింది. మర్యాదగా, చల్లగా రాశారు. నా మీద జరిగిన ఓటులో రెండు నల్ల గోళీలు పడ్డాయట. నల్ల గోళీ అంటే ఈ మనిషి మాకు వద్దని. మీ లాడ్జి నియమం ప్రకారం రెండు పడితే ఇక తీసుకోరు. కారణం చెప్పరు, వేసినవాళ్ళెవరో అడగకూడదు.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి మార్కులు వేశాను. నాకు సున్నా వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

నన్ను ఎరగని మనుషులు ఇద్దరు నన్ను వద్దన్నారు. ఎందుకై ఉంటుంది? చెవులా? ఊరా? డాక్టరు గణపతిరావా? ఆయన కంటి క్యాంపుకి వచ్చినప్పుడు ఆయన ప్రసంగంలో ఒక తప్పు దిద్దాను, అది మనసులో పెట్టుకున్నాడేమో. రాత్రంతా ఇవే లెక్కలు. పొద్దున్న బజారుకి వెళ్తే బుజ్జిబాబు "ఎప్పుడు మాస్టారూ ప్రయాణం" అన్నాడు. వినపడనట్టు వచ్చేశాను. ఇన్నాళ్ళకి చెవుడు పనికొచ్చింది.

నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా. నన్ను అలా అంటుంటే ఏం చేస్తూ కూర్చున్నావు?

మిషను తీసి సొరుగులో పెట్టేశాను. ఇక నాకు రైలు సంగతులు రాయకు.

జాకబ్


పనసపుట్టు
నవంబరు

జాకబ్ బావకి,

నీ ఉత్తరం చదివాను. నీకు వినికిడే కాదు, చూపు కూడా పోయిందనుకున్నాను. రెండు నల్లవి పడితే తీసుకోకపోవడం ఏమిటి? ఆ సెక్రటరీ తలకిందులుగా రాశాడనుకున్నాను. లేకపోతే మోసం చేశాడు. ఉత్తరం జేబులో పెట్టుకొని లాడ్జికి వెళ్ళాను.

అక్కడ సమయం కానప్పుడు లేచి మాట్లాడకూడదు. లేచాను. నీ ఉత్తరం పైకెత్తి పట్టుకొని తెలుగులోనే అన్నాను. "ఏటిది? రెండు నల్లవి పడ్డాయని మీరే రాత్తారు, మా బావని వద్దని మీరే అంటారు. ఆ రెండూ నేనేసినవే. మీరందరూ తాలేసి కూకుంటే ఈ గదిలో గట్టిగింజ ఏసినోణ్ణి నేనొక్కణ్ణే. మీలో ఒక్కడికి సెయ్యి రానేదా?"

ఎవరో ఒకాయన తెలుగు రానివాళ్ళకి మెల్లగా తర్జుమా చేశాడు. అది అయ్యేదాకా నేను చెయ్యి దించలేదు.

అప్పుడు గణపతిరావు గారు పెద్ద కుర్చీ దిగి వచ్చారు. ఆ కుర్చీ మధ్యలో దిగకూడదట. నా పక్కన కూర్చుని, మునుపటిలాగే చెవిలో తెలుగు చెప్పారు. ఏం చెప్పారన్నది రహస్యం. చెవి మాత్రం కాలిపోయింది.

నేను ఒప్పుకోలేదు. మా కొండల్లో ఏ రైతునైనా అడగండి, నల్లగా ఉన్నదే గట్టిది, తెల్లగా ఉన్నది తాలు, ఊదితే ఎగిరిపోతుంది, మీ సొలొమోను మిరియాలు పండించలేదు కాబట్టి ఆయనకి తెలియలేదు అన్నాను. ఇంతలో ఆ మూల కూర్చున్న కోశాధికారి, రిటైరైన బ్యాంకు మేనేజరు, లేచి ఏడుపుముఖంతో ఒక మాట చెప్పాడు. ఆ రోజు గోళీలు మనుషుల కన్నా ఒకటి ఎక్కువ తేలాయట. తన లెక్కే తప్పిందనుకొని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా నెల రోజులుగా నిద్ర పోవడం లేదట. అక్కడ నవ్వకూడదని చెప్పాను కదా. ఆ రోజు ఆ నియమం ఎవరికీ గుర్తు లేదు. ఒకాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

గోళీ ఎక్కువైంది కాబట్టి ఆ ఓటు చెల్లదని తేల్చారు. నువ్వు మళ్ళీ దరఖాస్తు పెడితే మళ్ళీ వేస్తారట. ఈసారి డాక్టరు గారు పెట్టె దగ్గర నా చెయ్యి పట్టుకుంటారేమో. కానీ ఒక చిక్కుంది. "అవమానం ఆయనకి జరిగింది. మళ్ళీ రమ్మని చెప్పడానికి మాకు ముఖం లేదు. మీరే అడగాలి" అన్నారు.

పాసింజర్లో ఎదురు సీట్లో ఒకావిడ బట్టల మూట పెట్టుకుంది. బొర్రా దగ్గర సొరంగాల్లో నేను ఒక మాట మొదలుపెట్టడం, ఆపడం. మూట వినలేదు. ఇంటికొచ్చి రాద్దామంటే చెయ్యి సాగలేదు. కాఫీ కోత మొదలైంది, పనుందని నాకు నేనే చెప్పుకున్నాను. పని లేదు.

నువ్వు ఒక గ్లాసు గూట్లో పెట్టేస్తున్నానని రాశావు. నేను దానికి జవాబు రాయలేదు. రాయడం రాక కాదు.

బావా, తప్పు రంగుది. కానీ గోళీ వేసిన చెయ్యి నాది. నువ్వు మళ్ళీ దరఖాస్తు పెట్టు. పెట్టమని అడుగుతున్నాను. వస్తావా అని అడుగుతున్నాను.

అడిగాను. నోరేమీ అరగలేదు. అక్కతో చెప్పడానికి లేదు, నీతో చెబుతున్నాను.

విశ్వాసం


పెదబయలు
డిసెంబరు

విశ్వాసానికి,

నేను కోపంగా రాసిన మర్నాడే నీ అక్టోబరు ఉత్తరం నాకు అందింది. "ఒకటికి రెండు వేశాను" అన్న దగ్గర నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. నవ్వు ఆగక దగ్గొస్తే, పక్కింటి హేమలత పరుగెత్తుకొచ్చి వీపు మీద కొట్టింది. ఏటైంది మాస్టారూ అంది. నా బావమరిది నన్ను మరీ ఎక్కువగా కావాలనుకున్నాడమ్మా, అందుకే వద్దన్నారు అన్నాను. ఆ అమ్మాయి నీళ్ళు తెచ్చిచ్చింది.

అంతా తెలిసి కూడా ఇన్నాళ్ళు రాయకపోవడం నా తప్పు కాదు, నా సరదా. నువ్వు దీంట్లోంచి ఎలా బయటపడతావో చూద్దామని కూర్చున్నాను. నువ్వు రంగు మీద తోసేస్తావని తెలుసు, తోసేశావు. సొలొమోనును కూడా వదలవని తెలుసు, వదల్లేదు. అడుగుతావని మాత్రం అనుకోలేదు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఎర్ర పెన్ను తీశాను. దిద్దడానికేమీ లేదు. పక్కన ఒక టిక్కు పెట్టాను. నా ఉద్యోగంలో కూడా నీకు అది పెట్టే అవకాశం రాలేదు.

మిషను సొరుగులోంచి తీశాను. సోమవారం బస్సుకి పాడేరు మీదుగా అరకు వస్తున్నాను. పనేమీ లేదు, ఊరికే వస్తున్నాను. దరఖాస్తు మీ ఇంట్లో కూర్చుని రాస్తాను. రైల్లో ఎదురు సీటు నాకు చాలు, కిటికీ నువ్వే ఉంచుకో. సొరంగాల్లో మాట్లాడను.

ఓటు రోజు మాత్రం ఒకటే వేయి. తెల్లది.

ఇది మాత్రం మన లెక్కలోది. కవరు విప్పేటప్పుడు జాగ్రత్త, అడుగున ఒక నల్ల మిరియం ఉంది. ఎవరు వేశారా అని నువ్వు వెతుక్కోకుండా దానికి కాస్త సుద్ద రాశాను.

జాకబ్